హేవలాక్ వంతెన టూరిస్టుల కంటే ముందు రోజూ దాటేవాళ్ళకి ఇవ్వండి

సంపాదకులు గారికి నమస్కారం అండి.

మాది గోదారికి ఇవతలి ఒడ్డున కొవ్వూరు. అవతలి ఒడ్డున రాజమండ్రి తాడితోటలో ఒక బట్టల హోల్‌సేల్ షాపులో గుమాస్తాగా చేస్తాను. 19 ఏళ్ళుగా సైకిల్ మీదే రోడ్ కం రైలు బ్రిడ్జి దాటి రాజమండ్రి వెళ్ళి రాత్రి మళ్ళీ అదే బ్రిడ్జి మీద ఇంటికొస్తున్నాను. పుష్కరాలు 2027లో వస్తున్నాయి కదా, రెండు ఒడ్లనా పనులు, ప్లానులు, ఫొటోలు పేపర్లో చూస్తున్నాం, సంతోషమే. కానీ ఆ ప్లానుల్లో నాలాంటి సైకిలోడు, నడిచెళ్ళే ఆడవాళ్ళు ఎక్కడా కనపడట్లేదు, అందుకే, రైళ్ళు ఆగిపోయి ఖాళీగా ఉన్న పాత హేవలాక్ వంతెనని రోజూ దాటే మాకు ఇవ్వమని ఈ ఉత్తరం రాస్తున్నాను. కొంచెం పొడుగైనా వేస్తారని ఆశ.

ముందు ఆ బ్రిడ్జి గురించి తెలియనివాళ్ళకి చెప్పాలి. 1974లో కట్టారు, కింద రైలు, పైన రోడ్డు. రైలు మీద రోడ్డు అంటే ఆ ఎత్తుకి ఎక్కాలి కదా, కారులో వెళ్ళేవాళ్ళకి అది ఎత్తని కూడా తెలీదు గానీ సైకిల్ వెనక సరుకు కట్టుకున్నోడికి మాత్రం తొడలు పట్టేస్తాయి, సగం మందిమి దిగి తోసుకుంటూనే ఎక్కుతాం. పైన రోడ్డు ఇటో వరస అటో వరస, బస్సు బస్సు ఎదురుపడ్డాయంటే సైకిల్‌కి మిగిలేది రెయిలింగ్ పక్కన మూరెడు జాగా. ఆ మూరెడులోనే ఇసక పేరుకుంటుంది, వానాకాలం నీళ్ళు నిలుస్తాయి, గాజుపెంకులు మేకులు కూడా అక్కడికే చేరతాయి. గోదారి మీద గాలి సంగతి చెప్పక్కర్లేదు, శ్రావణంలో అడ్డంగా గాలి వీచినప్పుడు హ్యాండిల్ రెండు చేతులా బిగబట్టుకోవాలి, అదే టైముకి పక్కనుంచి బస్సు దూసుకెళ్తే ఒక సెకను గాలి ఆగిపోయి సైకిల్ బస్సు వైపు లాగుతుంది, బస్సు దాటగానే మళ్ళీ గాలి రెయిలింగ్ వైపు కొడుతుంది. కింద రైలు వెళ్తుంటే వంతెనంతా సన్నగా వణుకుతుంది, దానికి అలవాటు పడ్డాం, ఈ బస్సు లాగుడికి మాత్రం ఇన్నేళ్ళైనా అలవాటు పడలేదు.

ఇంక జాయింట్లు. ఎండకి ఇనుము సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది కాబట్టి స్పాన్‌కీ స్పాన్‌కీ (అంటే రెండు స్తంభాల మధ్య ఉండే వంతెన ముక్క) మధ్య సందు వదిలి ఇనప జాయింటు పెడతారు, అది ఉండాల్సిందే. ఒక్క నది మీదే 34 స్పాన్లున్న వంతెన అండి ఇది, అంటే రానూపోనూ ఎన్నిసార్లు దాటాలో లెక్కేసుకోండి. కారు టైరుకి అది టక్‌మని చప్పుడు మాత్రమే. నా సైకిల్ టైరు ఒకటిన్నర అంగుళం వెడల్పు, అంచున జాయింటు కాస్త విప్పారిందంటే టైరు నేరుగా అందులోకి దిగుతుంది. మూడేళ్ళ కిందట ఒక వాన సాయంత్రం నాకు జరిగింది అదే. చీకటి పడింది, లైట్లు వరసగా నాలుగైదు వెలగట్లేదు, నీళ్ళు నిలిచి జాయింటు కనపడలేదు, వెనకనుంచి హారన్ వినపడి పక్కకి జరిగాను, ముందు చక్రం సందులో దిగబడి హ్యాండిల్ మీదుగా ఎగిరి పడ్డాను. క్యారేజీ గిన్నెలు విడిపోయి రోడ్డు మీద దొర్లుకుంటూ పోయాయి, వెనకొస్తున్న ఆటో ఆయన బ్రేకు కొట్టి అడ్డంగా ఆపాడు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. మోచెయ్యి విరిగింది, ఆరు వారాలు జీతం లేదు. ఆ ఆటో ఆయన పేరు కూడా అడగలేకపోయాను, ఇది చదివితే ఆయనకి నా నమస్కారం. మా ఇంటిది ఇప్పటికీ వాన పడితే రాత్రి పదింటికి ఫోన్ చేస్తుంది, బ్రిడ్జి దాటేసావా అని, అదొక్కటే అడుగుతుంది.

నా ఒక్కడి గోలగా తీసుకోవద్దండి. పొద్దున్నే పాల క్యాన్లు రెండు వైపులా తగిలించుకుని వెళ్ళేవాళ్ళు, లంకల్లో కోసిన కూరగాయలు మూటకట్టుకుని వెళ్ళేవాళ్ళు, రాజమండ్రిలో నాలుగిళ్ళల్లో పని చేసుకుని ఆటో డబ్బులు మిగిలితే పిల్లాడి ఫీజుకి వస్తాయని నడిచొచ్చే ఆడవాళ్ళు, వీళ్ళందర్నీ నేను ముఖం చూసి గుర్తుపడతాను. దేశం మొత్తం మీద 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోతే అందులో నడిచేవాళ్ళే 32,825 మంది, ఇది కేంద్ర ప్రభుత్వం లెక్కే. అంటే రోజుకి దాదాపు 90 మంది, బండి ఎక్కకుండానే బండి వల్ల పోయినవాళ్ళు. 2025 మే నెలలో సుప్రీంకోర్టు కూడా సరైన ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగం 21వ అధికరణలో ఉన్న జీవించే హక్కులో భాగమే అని చెప్పింది. వంతెన మీద నడిచేవాడికి ఆ హక్కు ఇంకా ముఖ్యం అనుకుంటాను, ఎందుకంటే ఊళ్ళో బస్సు మీదకొస్తే షాపు అరుగు ఎక్కేయొచ్చు, వంతెన మీద పక్కకి జరగడానికి ఏముంది, గోదారే ఉంది.

వేరే దారులున్నాయిగా అంటారు కొందరు. 2015లో కట్టిన నాలుగో వంతెన ఊరికి పైన కాతేరు దగ్గర, కింద చూస్తే ధవళేశ్వరం బ్యారేజీ. బండి ఉన్నోడికి ఆ చుట్టు ఒక లెక్కలోది కాదు, కాళ్ళే ఇంజనైనోడికి గంట పని. 2023లో రిపేర్ల కోసం రోడ్ కం రైలు బ్రిడ్జి మూసినప్పుడు ఆ చుట్టు ఏంటో మాకు బాగా తెలిసొచ్చింది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పుష్కర ఘాట్ మెట్ల మీద కూచుంటే ఎదురుగా పాత వంతెన కనపడుతుంది కదా, హేవలాక్ వంతెన. 1900లో మొదలైంది, 56 స్పాన్లు, రెండున్నర కిలోమీటర్ల పైచిలుకు పొడవు, దాని మీద దాదాపు వందేళ్ళు రైళ్ళు తిరిగాయి. 1997లో పక్కన ఆర్చి వంతెన వచ్చాక దీన్ని ఆపేసారు. అప్పట్నుంచి అలా ఖాళీగానే ఉంది. 2025 జూన్‌లో అఖండ గోదావరి అనే పర్యాటక ప్రాజెక్టుకి శంకుస్థాపన చేసారు, అందులో ఈ వంతెన కూడా ఉంది, టూరిస్టు స్పాట్ చేస్తామన్నారు. చెయ్యండి, లైట్లు పెట్టండి, గోదారి మీద సూర్యాస్తమయం చూడ్డానికి వందమంది వస్తే మా ఊరికే మంచిది. నా భయమల్లా దానికి ఒక టికెట్ కౌంటరు, సాయంత్రం నాలుగు నుంచి తొమ్మిది అని ఒక బోర్డు, సైకిళ్ళు అనుమతించబడవు అని ఇంకో బోర్డు పెట్టేస్తారేమో అని. అలా చేస్తే పక్క వంతెన మీద రోజూ ప్రాణం అరచేతిలో పెట్టుకుని దాటే మనిషి, ఖాళీగా ఉన్న ఇంకో వంతెన వైపు చూస్తూ దాటాలి.

రైలు వంతెనకి ఒక గుణం ఉందండి, ఎవరూ చెప్పరు గానీ. రైలుకి ఎత్తు పడదు, అందుకని దారంతా దాదాపు సాపుగా ఉంటుంది. సైకిల్‌కి కావాల్సిందీ అదే. తోసుకుంటూ ఎక్కక్కర్లేదు, పైనుంచి దిగేటప్పుడు బ్రేకులు పట్టుకుని దేవుణ్ణి తలుచుకోనక్కర్లేదు, మామూలుగా తొక్కుకుంటూ పోతే పావుగంటలో అవతలి ఒడ్డు. వెడల్పు సరిపోదంటారేమో, బ్రాడ్‌గేజ్ రైలుపెట్టె వెడల్పే 3 మీటర్లు దాటి ఉంటుంది, ఆ పెట్టెలు తిరిగిన దారే అది. రోడ్లు ఎలా కట్టాలో కొలతలు చెప్పే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ళు నడిచేవాళ్ళకి అడ్డం లేకుండా కనీసం 1.8 మీటర్లు వదలాలంటారు. మిగిలింది సైకిళ్ళకి. ఇంకా కావాలంటే పక్కన కాస్త పెంచొచ్చో లేదో ఇంజనీర్లు కొలిచి చెప్తారు, పెంచడం కుదరకపోతే కలిసే వెళ్తాం, బెల్లు కొట్టుకుంటూ నెమ్మదిగా తొక్కుతాం, బస్సుతో కలిసి తొక్కినోళ్ళం మనుషులతో కలిసి తొక్కలేమా. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తున్నాను, మోటారు సైకిళ్ళని మొదటి రోజు నుంచే రానివ్వకూడదు. ఈ ఒక్కసారికి అని ఒక బండి వెళ్ళిందంటే వారం తిరిగేసరికి అదీ ఇంకో రోడ్డే అవుతుంది.

పాత రైలు వంతెనని ఇలా మార్చడం మనమే మొదలుపెట్టేదేం కాదు. అమెరికాలో హడ్సన్ నది మీద 1889 నాటి రైలు వంతెన ఒకటి 1974లో నిప్పంటుకుని మూలపడింది, మన రోడ్ కం రైలు బ్రిడ్జి వచ్చిన ఏడాదే. దాన్ని 2009లో నడిచేవాళ్ళకి, సైకిళ్ళకి తెరిచారు, పొడవు 2 కిలోమీటర్లు. దానికంటే మనది పొడుగు, పైగా రెండు ఒడ్లనా రెండు ఊళ్ళున్నాయి, రోజూ పనులకెళ్ళే జనం ఉన్నారు.

ఒడ్డున ఎలా దిగాలన్నదే అన్నిటికంటే ముఖ్యం, చాలా ప్లానులు అక్కడే పాడవుతాయి. రైలు కట్ట ఎత్తులో ఉంటుంది, రోడ్డు కింద ఉంటుంది. అక్కడ మెట్లు కట్టేస్తే ఫొటోకి బావుంటుంది, పాల క్యాన్లున్న సైకిల్ మెట్లెక్కదు, మోకాళ్ళ నొప్పులున్న ముసలావిడ ఎక్కదు, వీల్‌ఛైర్ అసలే ఎక్కదు. ర్యాంపు కావాలి, 20 అడుగుల పొడవుకి ఒక అడుగు ఎత్తు చొప్పున సాగదీసి కట్టిన ర్యాంపు. అది దిగిన చోట రోడ్డు దాటడానికి గట్టి జీబ్రా క్రాసింగు, దాని ముందు బండ్లు నెమ్మదించేలా స్పీడ్ టేబుల్, అంటే పైన సాపుగా ఉండే వెడల్పాటి స్పీడ్ బ్రేకర్, ఉండాలి. బండి వేగం రెట్టింపైతే గుద్దుడు దెబ్బ రెండింతలు కాదు నాలుగింతలు అవుతుంది, 30లో వెళ్ళే బండికీ 60లో వెళ్ళే బండికీ తేడా అదే. ఇదివరకు ఏదడిగినా ఆ ఒడ్డు పశ్చిమ గోదావరి, ఈ ఒడ్డు తూర్పు గోదావరి అనేవాళ్ళు, ఫైలు నది దాటేసరికి ఏడాది పట్టేది. 2022 ఏప్రిల్ నుంచి కొవ్వూరు కూడా తూర్పు గోదావరి జిల్లాలోనే ఉంది, కలెక్టరు గారు ఒక్కరే. రెండు ఒడ్లకీ ఒకే ప్లాను, ఒకే మీటింగు సరిపోతుంది, ఆ మీటింగుకి మాలాంటి ఇద్దరు ముగ్గుర్ని పిలవండి, ఎక్కడ గుంట పడుతుందో ఎక్కడ లైటు ఆరిపోతుందో కళ్ళు మూసుకుని చెప్తాం.

హేవలాక్ పని అయ్యేదాకా రోడ్ కం రైలు బ్రిడ్జి మీద కూడా కొన్ని చెయ్యొచ్చు, పెద్ద ఖర్చేం కాదు. జాయింట్ల అంచుల్లో ఓ మూడడుగుల మేర చెకర్ ప్లేటు (జారకుండా గళ్ళున్న ఇనప రేకు) పరిచి ఒక వైపే బోల్టులు బిగిస్తే వంతెన సాగినా ప్లేటు జరుగుతుంది, టైరు దిగదు. నీళ్ళు పోయే తూములు వానలకి ముందు ఒకసారి, మధ్యలో ఒకసారి తీయించాలి. అంచున ఇసక వారానికొకసారి ఊడిస్తే చాలు. లైట్లు వెలగాలి, ఏదన్నా ఆరిపోతే చెప్పడానికి ప్రతి స్తంభానికీ నంబరు రాసి పెట్టాలి, ఏ నంబరు స్తంభమో చెప్పగలిగితే వాళ్ళకీ వెతుక్కునే పని ఉండదు. మనవైపు నుంచి కూడా ఒకటుంది, సైకిల్ వెనక రిఫ్లెక్టర్ లేకుండా రాత్రి బ్రిడ్జి ఎక్కకండి తమ్ముళ్ళూ, నేనూ పడ్డాకే పెట్టించుకున్నాను.

పుష్కరాలు పన్నెండు రోజులు. 2015లో ఘాట్ దగ్గర తొక్కిసలాటలో పోయినవాళ్ళని ఈ ఊరు ఇంకా మర్చిపోలేదు, అందుకని ఆ రోజుల్లో ఈ వంతెన మీదకి ఎంతమందిని వదలాలి, ఎటు నుంచి ఎటు పంపాలి అన్నది పోలీసులు, ఇంజనీర్లు ముందే కూచుని తేల్చాలి, అవసరమైతే ఆ పన్నెండు రోజులు మాకు మూసేసినా ఏమీ అనుకోం. పదమూడో రోజు నుంచి మాత్రం మాదే. టైము పొద్దున్న నాలుగున్నర నుంచి రాత్రి పదిన్నర దాకా ఉండాలి, పాలవాళ్ళు నాలుగున్నరకే బయల్దేరతారు, మా షాపు మూసేసరికి తొమ్మిదిన్నర దాటుతుంది. టూరిస్టులకి టికెట్ పెట్టినా రెండు ఒడ్ల వాళ్ళకి ఆధార్ చూసి ఉచితంగా ఒక పాస్ ఇవ్వండి. ఇంకొక్కటి, గేటు. పార్కుల్లో బండ్లు రాకుండా పెడతారే, మనిషి ఒక్కడే అడ్డంగా తిరిగి దూరేది, అలాంటిది పెట్టొద్దు. రెండు వైపులా పాల క్యాన్లు కట్టిన సైకిల్ దాదాపు మూడడుగుల వెడల్పు ఉంటుంది. గేటు డిజైను గీసేవాళ్ళు ఒక పొద్దున్న కొవ్వూరు వైపు టేపు పట్టుకుని వస్తే మా వీధి పాలాయన సైకిల్ ఆపి కొలిపిస్తాడు, నేను అడిగాను, సరేనన్నాడు.

ఇట్లు,
కొవ్వూరు నుంచి మీ పాఠకుడు