ఆయిల్ చూడకుండా బండిని తిడితే ఎలా?

సంపాదకులకు నమస్కారం.

మున్సిపాలిటీ షెడ్డులో మూలన పడ్డ కంపాక్టర్ల (చెత్తను నొక్కి నింపుకునే బండ్ల) గురించి పోయిన వారం మీ జిల్లా పేజీలో వేశారు. చదివి ఊరుకుందామనుకున్నాను. ఆ వార్త కింద అధికారి ఇచ్చుకున్న వివరణ చూశాక ఊరుకోబుద్ధి కాలేదు. ‘హైడ్రాలిక్స్‌లో సాంకేతిక లోపం’ అట! డాక్టరు దగ్గరికి వెళ్తే ‘ఒంట్లో బాగాలేదు’ అని చీటీ రాసిచ్చినట్టుంది.

ఫ్యాక్టరీల్లో ప్రెస్సులు, లోడర్లు చూసుకుని రిటైరైనవాణ్ణి. హైడ్రాలిక్ బండి, అంటే ఆయిల్ ఒత్తిడితో పనిచేసేది, మొరాయిస్తే ముందు ఆ ఆయిల్ చూడాలి. మన దగ్గర ఆఖరికి కూడా చూడరు. పంపు మారుస్తారు, సీళ్లు మారుస్తారు, బిల్లు పెడతారు. అదే మురికి ఆయిల్ మళ్లీ ట్యాంకులో పోస్తారు. కొత్త పంపూ పాతదాని దారే పడుతుంది. అప్పుడు బండి చేసిన కంపెనీని తిడతారు.

షెడ్డులో టాపప్ చేసేది చూడండి. మూత లేని డబ్బా, అందులో ఏది దొరికితే అది, ఒక్కోసారి ఇంజిన్ ఆయిలే. వీజీ 46 హైడ్రాలిక్ ఆయిల్ అంటే 40 డిగ్రీల దగ్గర 46 సెంటిస్టోక్స్ చిక్కదనం, పది శాతం అటూ ఇటూ. 20డబ్ల్యూ-40 ఇంజిన్ ఆయిల్ అదే వేడి దగ్గర రెండింతలకు పైగా చిక్కగా ఉంటుంది. పైగా అందులోని డిటర్జెంటు నీటిని విడిపోనివ్వదు, కలిపేసుకుంటుంది. కంపాక్టర్లకు నీళ్ల కొరత లేదు కదా, రోజూ పైపు పెట్టి కడుగుతారు, వానలోనే నిలబెడతారు. మూత తీస్తే ఆయిల్ తెల్లబడి ఉంటుంది. అనుమానముంటే బాగా కాలిన ఇనుప పలక మీద ఒక్క చుక్క వేయండి. నీళ్లుంటే చిటపటలాడి బుడగలు లేస్తాయి, లేకపోతే చప్పుడు లేకుండా పాకి పొగ వస్తుంది. ఈ పరీక్షకు టెండరు కూడా అక్కర్లేదు.

దుమ్ము సంగతి ఇంకో తలనొప్పి. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. దాదాపు 40 మైక్రాన్ల కంటే చిన్న రేణువు మన కంటికి ఆనదు. పంపులోని సందులు చాలాచోట్ల పది మైక్రాన్లలోపే. అంటే కంటికి నిగనిగలాడే ఆయిల్ కూడా పంపును అరగదీయగలదు. అందుకే ఐఎస్ఓ 4406 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం రేణువులు లెక్కపెట్టి, మూడు సైజులకు మూడు అంకెలుగా 18/16/13 అన్నట్టు రాస్తారు. అందులో 18 అంటే ఒక మిల్లీలీటరులో నాలుగు మైక్రాన్లు మించినవి 1300 నుంచి 2500 దాకా ఉన్నాయని. ఒక్క అంకె పెరిగితే రేణువులు రెట్టింపు. కొత్త బ్యారెల్‌లోని ఆయిల్‌నైనా ఫిల్టర్ చేశాకే పోయాలి. మనవాళ్లు ప్లాస్టిక్ గరాటా పెట్టి పోస్తారు, ఆ గరాటా నేల మీద దొర్లుతూ ఉంటుంది.

యాంటీవేర్ (అరుగుదల తగ్గించే) హైడ్రాలిక్ ఆయిల్‌కు ఐఎస్ 11656 అని భారతీయ ప్రమాణం 1986 నుంచీ ఉంది. టెండరులో ఆ అంకె వేయడానికి ఎంత సిరా ఖర్చవుతుంది? ‘హైడ్రాలిక్ ఆయిల్, బ్యారెళ్లు ఇన్ని’ అని రాసి, తక్కువ ధర వేసినవాడికి ఇచ్చేస్తారు. వచ్చిన సరుకు నుంచి ఒక సీసాడు శాంపిల్ తీసిన పాపాన పోరు.

ల్యాబులు లేవంటారేమో. ఊరి చుట్టూ ఇంజనీరింగ్ కాలేజీలే! మెకానికల్ ల్యాబుకు వెళ్తే చిక్కదనం కొలిచే రెడ్‌వుడ్ విస్కోమీటరు దుమ్ము పట్టి కనిపిస్తుంది. పిల్లలు పోయినేడాది బ్యాచ్ రీడింగులు రికార్డులో దించుకుంటారు, సార్లు సంతకం పెడతారు. ఆ పిల్లలే రేపు అసిస్టెంట్ ఇంజనీర్లై షెడ్డుకొస్తారు. ఆయిల్ చిక్కదనం ఒక్కటైనా ఆ కాలేజీ ల్యాబులో చూపించుకోవచ్చు. నీటి శాతం, యాసిడ్ నంబరు (ఆయిల్‌లో ఆమ్లం ఎంతుందో చెప్పేది), రేణువుల లెక్క బయటి ల్యాబులో చేయిస్తే అయ్యే ఖర్చు ఒక పంపు ధరలో ఏ మూలకూ రాదు. శాంపిల్ మాత్రం బండి నడిచి ఆయిల్ వేడెక్కాక, శుభ్రమైన సీసాలో పట్టాలి. ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డి తీసి పంపితే ఏ రిపోర్టూ పనికిరాదు.

ఈలోగా కారిన ఆయిల్ మీద బైకులు జారి పడేది మనమే. మట్టి చల్లి వెళ్లిపోతారు, అదీ ఎవరైనా గొడవ చేస్తేనే.

మీ విలేకరి మళ్లీ కమిషనర్ గారిని కలిస్తే రెండు ప్రశ్నలు అడగమనండి. పాడైన బండ్లలో ఒక్కదాని ఆయిల్‌కైనా టెస్ట్ రిపోర్టు ఉందా? చట్టప్రకారం ప్రమాదకర వ్యర్థమైన ఆ నల్ల ఆయిల్‌ను బండ్లలోంచి తీశాక ఎవరికి, ఏ రసీదు మీద ఇస్తున్నారు?

ఇట్లు,
ఒక రిటైర్డ్ మెయింటెనెన్స్ ఫోర్‌మన్
(పేరు ప్రచురించవద్దని మనవి)