వార్షిక నివేదిక 2024–25: ఎమ్మెస్ (మల్టిపుల్ స్క్లెరోసిస్) ఉన్నవారిలో కుంగుబాటు, ఇంటి నుంచే చేసుకోగల సాధన

గౌరవనీయులైన సభ్యులకు, వారి కుటుంబసభ్యులకు కార్యవర్గం తరఫున నమస్కారాలు.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు మన సంఘం చేసిన పనులను ఈ నివేదికలో మీ ముందు ఉంచుతున్నాం. ఫిజియోథెరపీ తరగతులు, మందుల గురించిన సమాచారం, సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్ల కోసం సాయం ఎప్పటిలాగే సాగాయి. వాటిలో కొన్నిటి ప్రస్తావన చివర క్లుప్తంగా ఉంటుంది. ఈ ఏడాది కార్యవర్గం సమయమూ, స్వచ్ఛంద కార్యకర్తల శ్రమా ఎక్కువగా ఒకే పని మీద వెచ్చించాం. మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉన్న వయోజనులు తమ కుంగుబాటును గుర్తుపట్టి, ఇంట్లోనే ఉండి, చేతిలోని ఫోన్ సాయంతో, తమ ఓపికను బట్టి దానితో తలపడేందుకు తెలుగులో ఒక సాధన క్రమాన్ని తయారుచేసి నడపడమే ఆ పని. అందుకే నివేదికలోనూ దానికే ఎక్కువ చోటు ఇస్తున్నాం.

ఈ పని ఎందుకు ఎత్తుకున్నాం

ఎమ్మెస్‌లో మన రోగనిరోధక వ్యవస్థే మెదడులో, వెన్నుపాములో నరాల తంతువులను కప్పి ఉంచే మైలిన్ పొరను దెబ్బతీస్తుందని సభ్యులందరికీ తెలుసు. ఎక్కువమందికి ఈ జబ్బు ఇరవై, నలభై ఏళ్ళ మధ్య బయటపడుతుంది. మగవారికంటే ఆడవారిలో రెండింతలకు పైగా కనిపిస్తుంది. ఉద్యోగంలో కుదురుకునే, పెళ్లి మాటలు నడిచే, పిల్లలు చిన్నవాళ్ళుగా ఉండే వయసులో చూపు మసకబారడం, కాలు ఈడ్చుకుపోవడం మొదలైతే మనిషి లోపల ఎంత కలత పడతాడో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. చెప్పవలసింది మరొకటి ఉంది. ఎమ్మెస్ ఉన్నవారిలో దాదాపు సగం మంది జీవితంలో ఏదో ఒక దశలో వైద్యం అవసరమయ్యేంత కుంగుబాటుకు లోనవుతారని దశాబ్దాలుగా జరుగుతున్న పరిశోధనలు చెబుతున్నాయి. ఇది దిగులుపడే స్వభావం వల్ల వచ్చేది కాదు. జబ్బు వల్ల మెదడులో జరిగే వాపు, దెబ్బతిన్న భాగాలు కూడా మనసు స్థితిని మారుస్తాయి. రిలాప్స్ (జబ్బు తిరగబెట్టడం) వచ్చినప్పుడు ఇచ్చే స్టెరాయిడ్ల వల్ల కొందరికి నిద్ర పట్టదు, మనసు నిలకడగా ఉండదు. ఇంటర్‌ఫెరాన్ అనే ఎమ్మెస్ మందు ఇంజెక్షన్ల వివరపత్రంలోనే కుంగుబాటు గురించి హెచ్చరిక ఉంటుంది. కాళ్ళ బలహీనతను జబ్బు లక్షణంగా చూసే ఇళ్ళలోనే కుంగుబాటుకు మాత్రం ‘మనసు గట్టి చేసుకోవాలమ్మా’ అన్న మాట మందుగా దొరుకుతోంది. ఆ మాట వెనక ప్రేమే ఉన్నా, విన్న మనిషి తన బాధను మరింత లోపలికి నెట్టుకోవడమే జరుగుతోందని సభ్యుల అనుభవాలు మళ్ళీ మళ్ళీ చెప్పాయి.

చికిత్స లేక కాదు ఈ పరిస్థితి. ఆ చికిత్స మనిషి దగ్గరికి చేరడమే కష్టంగా ఉంది. ఆదిలాబాద్ నుంచో శ్రీకాకుళం నుంచో న్యూరాలజిస్టు దగ్గరికి రావడానికే ఒక రోజు పోయే సభ్యులకు, వారం వారం సైకాలజిస్టు కోసం మళ్ళీ బస్సెక్కడం కుదిరే పని కాదు. ఒంట్లో వేడి కాస్త పెరిగినా ఎమ్మెస్ లక్షణాలు తాత్కాలికంగా ముదురుతాయి కాబట్టి మార్చి నుంచి జూన్ దాకా ప్రయాణం అంటేనే భయం. మూత్రం ఆపుకోలేని ఇబ్బంది ఉన్నవాళ్ళు నాలుగు గంటల బస్సు ప్రయాణానికి ముందురోజు నుంచే నీళ్ళు తాగడం మానేస్తారు. వీటన్నిటికీ తోడు, మానసిక వైద్యుల దగ్గరికి వెళ్ళినట్టు ఊళ్ళో తెలిస్తే చెల్లెలి పెళ్లికి ఎక్కడ అడ్డం వస్తుందోనన్న బెంగ.

ముందు జరిగిన పరిశోధనలు

ఏ ఆధారంతో ఈ దారి ఎంచుకున్నారని గత సర్వసభ్య సమావేశంలో కొందరు అడిగారు. వారికి ఇక్కడ వివరంగా జవాబు ఇస్తున్నాం.

దూరం నుంచే కుంగుబాటుకు చికిత్స అందించవచ్చని ఎమ్మెస్ విషయంలో మొదట చూపించింది ఫోన్. అమెరికాలో డేవిడ్ మోర్ బృందం 127 మందితో చేసి 2005లో ప్రచురించిన అధ్యయనంలో, పదహారు వారాలపాటు ఫోన్‌లో కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (సీబీటీ: ఆలోచనలనూ, చేసే పనులనూ మార్చుకుంటూ కుంగుబాటును తగ్గించుకునే మాటల చికిత్స) పొందినవారి కుంగుబాటు తగ్గింది. తర్వాత జర్మనీలోని హాంబుర్గ్‌లో, కంప్యూటర్‌లో మనిషే సొంతంగా చేసుకుపోయే కార్యక్రమాన్ని 90 మంది ఎమ్మెస్ రోగులతో తొమ్మిది వారాలపాటు పరీక్షించి 2015లో ఫలితాలు ప్రకటించారు. అక్కడా మెరుగుదల కనిపించింది. అదే కార్యక్రమాన్ని ఎమ్మెస్‌కు తగ్గట్టు మార్చి, జర్మనీలోనూ అమెరికాలోనూ కలిపి ఐదు కేంద్రాల్లో 279 మందితో జరిపిన పెద్ద పరీక్ష ఫలితాలు 2023లో వచ్చాయి. మూడు నెలలయ్యేసరికి, ఆ కార్యక్రమం చేసినవారి కుంగుబాటు కొలమానం, దాని కోసం ఇంకా వేచి ఉన్నవారికంటే సుమారు 6 పాయింట్లు తక్కువగా ఉంది. గమనించదగ్గ విషయం ఏమిటంటే, చికిత్సకుల మార్గదర్శనం ఉన్నవారికీ, పూర్తిగా సొంతంగా చేసుకున్నవారికీ ఫలితం దాదాపు ఒకేలా ఉంది.

ఇంకో పక్క కూడా చెప్పాలి. నెదర్లాండ్స్‌లో 171 మందితో జరిపి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, సమస్యా పరిష్కార పద్ధతి మీద ఆధారపడిన ఆన్‌లైన్ చికిత్స పొందినవారికీ, పొందనివారికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. రెండు పక్షాలవారూ ఎంతో కొంత మెరుగుపడ్డారు. కాబట్టి ఆన్‌లైన్‌లో ఉన్నదల్లా పనిచేస్తుందని నమ్మడానికి లేదు. ఏం నేర్పుతున్నాం, ఎంతకాలం నేర్పుతున్నాం, ఎమ్మెస్ ఉన్న మనిషి ఒంటికి అది ఎంతవరకు సరిపడుతుంది అన్నవే ఫలితాన్ని నిర్ణయిస్తాయని మా అభిప్రాయం.

పై కార్యక్రమాలేవీ తెలుగులో లేవు. వాటిని అనుమతి లేకుండా అనువదించుకోవడం న్యాయమూ కాదు, మన ఇళ్ళకు అవి అతకవు కూడా. అందువల్ల అందరికీ అందుబాటులో ఉన్న సీబీటీ మూలసూత్రాలను తీసుకుని, ఒక క్లినికల్ సైకాలజిస్టు, ఒక సైకియాట్రిస్టు పర్యవేక్షణలో మన పాఠాలు మనమే రాసుకున్నాం. శిక్షణ పొందిన మామూలు మనుషులు కుంగుబాటు ఉన్నవారికి తోడ్పడగలరా అన్న సందేహానికి, గోవాలో 495 మందితో జరిగి 2017లో వెలువడిన అధ్యయనం మాకు ధైర్యాన్నిచ్చింది. అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో వైద్యులు కాని సలహాదారులే కొద్దిపాటి సిట్టింగులతో తీవ్రమైన కుంగుబాటును సైతం తగ్గించగలిగారు.

సాధన ఎలా నడిచింది

వారానికి ఒక పాఠం. ప్రతి పాఠమూ కొద్ది నిమిషాల ఆడియో, దానితోపాటు పెద్ద అక్షరాల్లో ఒక పుట. చూపు మసకగా ఉన్నవాళ్ళు విని, వేళ్ళు తిమ్మిరెక్కి టైపు చేయలేనివాళ్ళు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా జవాబు చెప్పవచ్చు. ఆడియోలను తెలంగాణ యాసలో, కోస్తా యాసలో వేర్వేరుగా రికార్డు చేయించాం. ఈ పనిలో అమెరికాలో, బ్రిటన్‌లో ఉన్న మన తెలుగువారు తమ సెలవు రోజులు వెచ్చించారు. వారానికొకసారి ఒక కార్యకర్త ఫోన్ చేసి, పాఠం విన్నారా, ఎక్కడ ఆగారు అని మాత్రమే అడుగుతారు. సలహాలు ఇవ్వరు, తీర్పులు చెప్పరు.

కుంగుబాటుకు మామూలుగా చెప్పే మొదటి సాధన, మానేసిన పనులను ఒక్కొక్కటిగా మళ్ళీ మొదలుపెట్టడం. ఎమ్మెస్ ఉన్నవారికి దీన్ని ఉన్నది ఉన్నట్టు చెప్పకూడదు. మన అలసట పడుకుని లేస్తే తీరిపోయే అలసట కాదు. ఉత్సాహంలో ఒకరోజు రెట్టింపు పని చేస్తే మర్నాడు మంచం దిగలేని స్థితి వస్తుంది. అప్పుడు ‘చూశావా, ఏమీ చేయలేను’ అన్న ఆలోచన ఇంకా బలపడుతుంది. అందుకే పనిని చిన్నగా ఎంచుకోవడం, ఎండ ఎక్కకముందే చేసుకోవడం, ఓపిక ఉన్నా అనుకున్న చోట ఆపడం అన్న మూడింటినీ ఈ సాధనలో కలిపాం.

ఇది ఎలా ఉంటుందో తెలియడానికి ఒక సభ్యురాలు నింపిన పుటను ఆమె అనుమతితో, గుర్తుపట్టే వివరాలు తీసేసి ఇక్కడ ఇస్తున్నాం. ‘మనసు’ పక్కన ఉన్న అంకె, తన మనసు స్థితికి ఆమె పదికి వేసుకున్న మార్కు. ‘పొద్దున ఆరున్నర. వరండాలో కుర్చీలో కూర్చుని కొత్తిమీర కట్ట వలిచాను. మనసు ముందు పదికి రెండు, తర్వాత నాలుగు. మధ్యాహ్నం ఆడపడుచు వచ్చింది. లేచి కాఫీ కలపలేకపోయాను, అత్తయ్య కలిపారు. వచ్చిన ఆలోచన: ఈ ఇంటికి నేను భారం. మనసు ఒకటి.’ ఆ వారం పాఠం, అలాంటి ఆలోచన వచ్చినప్పుడు దానికి అనుకూలంగా ఏముంది, వ్యతిరేకంగా ఏముంది అని రాసుకోమంటుంది. ఆమె సాయంత్రం చెప్పిన వాయిస్ మెసేజ్ ఇది: ‘కాఫీ కలపలేదు నిజమే. పాప లెక్కలు నేనే చెప్పాను. కరెంటు బిల్లు నేనే ఫోన్‌లో కట్టాను. అత్తయ్య విసుక్కోలేదు, విసుక్కున్నట్టు నేనే అనుకున్నాను. మనసు మూడు.’ ఒకటి నుంచి మూడు పెద్ద మార్పుగా అనిపించకపోవచ్చు. కానీ ఆ మార్పు తన చేతుల్లోనే జరిగిందని ఆమెకు తెలిసింది. ఈ సాధనకు ప్రాణం అదేనని మేము నమ్ముతున్నాం.

కుంగుబాటును అంచనా వేయడానికి పీహెచ్‌క్యూ–9 అనే తొమ్మిది ప్రశ్నల పట్టికను వాడాం. ఒక్కో ప్రశ్నకు సున్నా నుంచి మూడు వరకు, మొత్తం 27. ఇందులో నిద్ర, అలసట, ఏకాగ్రత గురించిన ప్రశ్నలు ఎమ్మెస్ వల్ల కూడా ఎక్కువ మార్కులు తెచ్చిపెడతాయి కనుక, మొత్తం అంకెను చూసి ఎవరూ భయపడవద్దని మొదటే చెప్పాం. దిగులుగా ఉండటం, దేని మీదా ఆసక్తి లేకపోవడం అన్న మొదటి రెండు ప్రశ్నలను మా సైకాలజిస్టు ప్రత్యేకంగా గమనించారు.

ఎక్కడ ఆగాలి

స్వీయ నిర్వహణ అంటే ఒంటరిగా మోయడం కాదు. తొమ్మిదో ప్రశ్న చనిపోవాలన్న, తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచనల గురించినది. దానికి సున్నా కాక మరే జవాబు వచ్చినా అదే రోజు సైకాలజిస్టు ఫోన్ చేయాలన్నది మా నియమం. చేరే ముందే ప్రతి ఒక్కరి నుంచీ నమ్మకమైన ఒక దగ్గరివారి నంబరు తీసుకున్నాం. ఎమ్మెస్ ఉన్నవారిలో ఆత్మహత్య ముప్పు ఇతరులకంటే ఎక్కువ కాబట్టి ఈ విషయంలో ఏ సడలింపూ ఉండదు. తీవ్రమైన కుంగుబాటు, లేదా మరేదైనా తీవ్ర మానసిక వ్యాధి ఉన్నవారిని నేరుగా వైద్యుల దగ్గరికి పంపాం. కుంగుబాటుకు మందులు వాడుతున్నవారు, పాఠాలు బాగున్నాయని వాటిని సొంతంగా మానేయకూడదు. సందర్భం లేకుండా ఏడుపో నవ్వో ఆగకుండా వస్తుంటే, అది కుంగుబాటు కాక ఎమ్మెస్ వల్ల వచ్చే వేరే ఇబ్బంది కావచ్చు. దానికి వేరే మందులున్నాయి, న్యూరాలజిస్టుకు తప్పక చెప్పండి.

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ సేవ 14416 నంబరులో రాత్రింబవళ్ళు ఉచితంగా పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు. ఈ నంబరును ప్రతి పాఠం మొదట్లోనూ చివరలోనూ వినిపిస్తున్నాం. దయచేసి ఇంట్లో అందరి ఫోన్లలోనూ దాచుకోండి.

చూసిన ఫలితాలు, మిగిలిన ఇబ్బందులు

చేరినవారి సంఖ్య చిన్నది, పోల్చి చూడటానికి మరో బృందం లేదు. కాబట్టి ఇన్ని శాతం మందికి నయమైందని మేము ప్రకటించబోవడం లేదు. చివరిదాకా కొనసాగినవారిలో చాలామంది పొద్దున్నే లేవగలుగుతున్నామనీ, ఇంట్లోవాళ్ళతో మాటలు పెరిగాయనీ చెప్పారు. అలసటలో పెద్ద తేడా రాలేదని కూడా అంతే స్పష్టంగా చెప్పారు.

మధ్యలో ఆగిపోయినవారితోనూ మాట్లాడాం. కొందరికి రిలాప్స్ వచ్చింది. మరికొందరి ఇంట్లో ఫోన్ ఒక్కటే. అది భర్త చేతిలోనో కొడుకు చేతిలోనో ఉంటుంది, తాము చెప్పుకున్న మాటలు ఇంకెవరైనా వింటారేమోనన్న జంకు. అటువంటివారికి విన్న వెంటనే మెసేజ్‌లు తొలగించుకోవడం నేర్పాం, వారు చెప్పిన వేళకే ఫోన్ చేశాం. ఇది సమస్యకు పూర్తి పరిష్కారం కాదు. మగవారు చేరడమే తక్కువ. చేరినవారు కూడా ఆలోచనల పుటలు ఖాళీగా వదిలి, పనుల పుటలు మాత్రం నింపారు. వారికి పనులతోనే మొదలయ్యే క్రమం కావాలని మాకు అర్థమైంది. విదేశీ పరీక్షలో మార్గదర్శనం ఉన్నా లేకపోయినా తేడా రాకపోయినా, మన దగ్గర మాత్రం వారానికొకసారి వచ్చే ఆ ఫోన్ కోసం ఎదురుచూసినవారే ఎక్కువగా నిలబడ్డారు. ‘అక్కా, ఈ వారం ఏమీ చేయలేదు’ అని చెప్పడానికైనా ఒక మనిషి ఉండాలి. ఈ ఏర్పాటును ఖర్చు తగ్గించుకోవడం కోసం మానేయకూడదని కార్యవర్గం ఏకగ్రీవంగా తీర్మానించింది.

ఇతర కార్యక్రమాలు

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఎమ్మెస్‌ను గుర్తించింది. దాని ఆధారంగా సర్టిఫికెట్లకూ, యూడీఐడీ (వికలాంగుల గుర్తింపు) కార్డులకూ దరఖాస్తు చేసే సభ్యులకు తోడుగా వెళ్ళాం. మానసిక వ్యాధుల చికిత్సకూ శారీరక వ్యాధులతో సమానంగా బీమా వర్తించాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. బీమా కాగితాలు అర్థం కానివారు కార్యాలయాన్ని సంప్రదించవచ్చు. మే 30న ప్రపంచ ఎమ్మెస్ దినాన్ని జరుపుకున్నాం. జమాఖర్చుల పట్టిక విడిగా జతపరిచాం.

వచ్చే ఏడాది

రాయలసీమ, ఉత్తరాంధ్ర యాసల్లో ఆడియోలు సిద్ధం చేయాలి. కుటుంబసభ్యుల కోసం ఒక ప్రత్యేక పాఠం రాయిస్తున్నాం. సాయం చేయడం ఎక్కడ ఆపి మనిషిని తన పని తాను చేసుకోనివ్వాలి అన్నది అందులో ముఖ్యాంశం. ఎమ్మెస్ రోగి వచ్చిన ప్రతిసారీ మనసు గురించి కూడా రెండు ప్రశ్నలు అడగమని న్యూరాలజిస్టులను లేఖల ద్వారా కోరబోతున్నాం. ఫోన్ చేసే కార్యకర్తలు ఇంకా కావాలి. ఎమ్మెస్ ఉండి, తమ కుంగుబాటు నుంచి కొంత తేరుకున్నవారు ముందుకు వస్తే శిక్షణ ఇస్తాం. తర్వాతి విడతలో చేరదలచినవారు తమ పేరు, ఫోన్ చేయవలసిన వేళ, ఏ యాసలో పాఠాలు కావాలో కార్యాలయానికి తెలియజేయగలరు. పేర్లు కార్యదర్శి, సైకాలజిస్టు, మీకు ఫోన్ చేసే కార్యకర్త తప్ప మరెవరికీ తెలియవు.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి