గాజు మౌస్ ప్యాడ్ ముద్రణ లోపంపై ఫిర్యాదు

విశాఖపట్నం

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: నేను పంపిన ఫోటోతో మీ సంస్థ తయారు చేసి ఇచ్చిన గాజు మౌస్ ప్యాడ్‌లో ముద్రణ లోపం ఉన్నందున, ప్యాడ్ మార్చి ఇవ్వాలని లేదా పూర్తి సొమ్ము వాపసు చేయాలని కోరడం గురించి.

ఆర్యా,

మీ వెబ్‌సైటులో పూర్తి సొమ్ము ముందుగానే చెల్లించి నేను తెప్పించుకున్న గాజు మౌస్ ప్యాడ్, మీరు ప్రకటనలో చెప్పిన పద్ధతిలో తయారైనది కాదు. బొమ్మను గాజు అడుగుభాగాన ముద్రిస్తామని మీరు రాశారు. నాకు అందిన ప్యాడ్‌లో అది గాజు పైభాగాన ఉంది. ఈ లేఖలో నేను చెప్పబోయే ఇబ్బందులలో ఒక్కటి తప్ప మిగిలినవన్నీ ఆ తేడా నుంచే పుట్టాయి. మీ సహాయ విభాగం వారు నాకు ఎన్నో విషయాలు రాశారు గానీ, బొమ్మ పైన ఎందుకు ఉందన్న ప్రశ్నకు మాత్రం నేటి వరకూ ఎవరూ జవాబు ఇవ్వలేదు కాబట్టి, విషయాన్ని మీ దాకా తేవలసి వచ్చింది. ఇన్‌వాయిసు నకలు, ప్యాడ్ ఫోటోలు, మీ సహాయ విభాగంతో జరిగిన ఉత్తరప్రత్యుత్తరాలు దీనికి జతపరిచాను.

నేను మధురవాడలో ఉంటాను. పగలు ఇంటి నుంచి చేసే ఉద్యోగానికీ, రాత్రి స్నేహితులతో ఆడే వాలరెంట్, కౌంటర్-స్ట్రైక్ అనే కంప్యూటర్ ఆటలకూ ఒకటే బల్ల. ఈ ఊరి ఉక్కపోత సంగతి మీకు తెలిసే ఉంటుంది. వేసవిలో ఫ్యాను కింద కూర్చున్నా ముంజేయి చెమ్మగిల్లుతూనే ఉంటుంది. గుడ్డ ప్యాడ్ ఆ చెమటనూ సముద్రపు గాలిలోని తేమనూ పీల్చుకోవడంతో, పొద్దున తేలికగా జారిన మౌస్ సాయంత్రానికి పట్టుకుపోతున్నట్టు అనిపిస్తుంది. గురి చూసి కాల్చే ఆటలో చేయి ఎంత కదిలితే తెర మీద గురి అంతే కదలాలి, ఈ రోజు ఎంతో రేపూ అంతే ఉండాలి. ఆ లెక్క చేతికి అలవాటు కావడమే ఆటలో సగం పని. గాజు తేమను పీల్చదు, ఉతకనక్కర్లేదు, తడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది. తేమ ఎక్కువగా ఉండే ఊళ్లలోనూ ఎప్పుడూ ఒకే తీరుగా జారుతుందని మీ ప్రకటనలో ఉన్న వాక్యమే నన్ను గుడ్డ మాని గాజు కొనేలా చేసింది.

450 మిల్లీమీటర్ల పొడవు, 400 మిల్లీమీటర్ల వెడల్పు, 4 మిల్లీమీటర్ల మందం గల టెంపర్డ్ (బాగా కాచి, త్వరగా చల్లార్చి గట్టిపరిచిన) గాజు ప్యాడ్‌కు, సొంత ఫోటో ముద్రణ రుసుముతో కలిపి, 4,900 రూపాయలు చెల్లించాను. ముద్రణ కోసం నేను పంపినది కైలాసగిరి పైనుంచి తెల్లవారుజామున తీసిన ఫోటో: ఎడమవైపు ముదురు నీలం సముద్రం, కుడివైపు దీపాలు ఇంకా ఆరని బీచ్ రోడ్డు, దూరంగా నల్లటి గీతలా డాల్ఫిన్ నోస్ కొండ, దాని మీద లేత రంగు ఆకాశం. ఫోటో నాణ్యత సరిపోతుందని మీ డిజైన్ విభాగం వారే ధ్రువీకరించి, నమూనా పంపి, నా ఆమోదం తీసుకున్నాకే ముద్రించారు. తెర మీద కనిపించిన నీలం కంటే ముద్రణలో నీలం కాస్త మసకగా వచ్చింది. తెర మీది రంగులు వెలుతురుతో, ముద్రణలోని రంగులు సిరాతో ఏర్పడతాయి కాబట్టి అంతమాత్రం తేడా సహజమే, దాని గురించి నాకు ఫిర్యాదు లేదు. బొమ్మగా చూస్తే ప్యాడ్ అందంగానే ఉంది. చిక్కంతా దాని మీద మౌస్ పెట్టాకే మొదలైంది.

గాజు ప్యాడ్ ఎలా పనిచేయాలో మీకు నేను చెప్పడం కొంచెం విడ్డూరంగా ఉండవచ్చు గానీ, మీ సహాయ విభాగం వారి జవాబులు చూశాక చెప్పక తప్పదనిపిస్తోంది. మౌస్ అడుగున ఉండే సెన్సార్ ఒక చిన్న కెమెరా వంటిది. అది తన కాంతిలో కిందనున్న ఉపరితలాన్ని సెకనుకు వేల సార్లు చిత్రీకరిస్తూ, ఒక చిత్రానికీ తర్వాతి చిత్రానికీ మధ్య గరుకు ఎంత జరిగిందో పోల్చి కదలికను లెక్కగడుతుంది. నున్నటి పారదర్శక గాజు మీద సెన్సార్‌కు చూడడానికి ఏమీ దొరకదు. అందుకే గాజు ప్యాడ్లు చేసేవారు పైభాగాన్ని కంటికి ఆననంత సన్నగా, అంతటా ఒకే తీరుగా గరుకు చేస్తారు. బొమ్మను అడుగుభాగాన తిరగేసి ముద్రించి, దాని వెనుక వెలుతురు దాటని పూత ఒకటి వేసి, ఆ కింద రబ్బరు అంటిస్తారు. ఈ అమరికలో మౌస్ పాదాలు ముట్టుకునేది గాజును మాత్రమే. సిరా నాలుగు మిల్లీమీటర్ల గాజు కింద భద్రంగా ఉంటుంది కాబట్టి అరగడమన్న ప్రశ్నే రాదు. మీ ప్రకటనలోని బొమ్మలో పొరలు పొరలుగా విడదీసి చూపించినది కూడా ఈ అమరికనే.

నాకు వచ్చిన ప్యాడ్‌ను కిటికీ వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుని చూస్తే, గాజు సహజమైన మెరుపు అంచుల దగ్గర ముద్రణ లేని సన్నటి పట్టీలో మాత్రమే కనబడుతుంది. మిగిలినదంతా సిరా మెరుపే. కొండ నలుపు ముగిసి ఆకాశం మొదలయ్యే చోట గోటితో నిమిరితే గట్టు తగిలినట్టు తెలుస్తుంది, ఎందుకంటే నలుపు కోసం సిరా దట్టంగా పడింది, ఆకాశం కోసం పలచగా పడింది. అంటే గాజు మీద శ్రమపడి చేసిన గరుకును ఒకచోట పూర్తిగా, మరొకచోట సగం సగంగా సిరా పూడ్చేసింది. అంతటా ఒకే తీరుగా ఉండాల్సిన ఉపరితలం ఇప్పుడు నా ఫోటోలో ఎన్ని రంగులున్నాయో అన్ని రకాలుగా ఉంది.

దీని ఫలితాన్ని చూడడానికి ఆట కూడా అవసరం లేదు. పెయింట్ ప్రోగ్రాం తెరిచి, మౌస్‌ను ఒక స్కేలు అంచుకు ఆనించి, ఆకాశం మీద నుంచి సముద్రం మీదకు నెమ్మదిగా లాగాను. గీత ఆకాశం మీద తిన్నగా వచ్చి, కొండ అంచు దాటే చోట ఒక్కసారి పక్కకు గెంతి, నలుపు మీద సన్నగా వణికి, సముద్రం మీదకు వచ్చాక మళ్లీ తిన్నగా సాగింది. స్కేలును ఎటు జరిపినా గెంతు కొండ అంచు దగ్గరే పడింది. అదే మౌస్‌తో, అదే 800 డీపీఐ (మౌస్ సున్నితత్వపు కొలత) అమరికతో పాత గుడ్డ ప్యాడ్ మీద గీస్తే ఎక్కడా గెంతు లేదు. వేరే మౌస్ అడిగి తెచ్చి మీ ప్యాడ్ మీద పెడితే గెంతు అక్కడే ఉంది. ఆ గీతల చిత్రాలు జతపరిచాను. ఆటలో దీని అర్థం ఏమిటంటే, ఎదుటివాడి మీద గురి నిలిపే క్షణంలో మౌస్ బొమ్మలో ఏ రంగు మీద ఉందన్నదాన్ని బట్టి గురి తప్పడం.

అరుగుదల సంగతి ఇంకా స్పష్టంగా కనబడుతుంది. నా చేయి ఎక్కువగా ఆడే చోటు ఫోటోలో బీచ్ రోడ్డు ఉన్న భాగం. అక్కడి దీపాల చుక్కలు ఒక్కొక్కటే లేచిపోయి, ఇప్పుడు ఉత్త గాజు కనబడుతోంది. మౌస్ అడుగున తెల్లగా ఉండే టెఫ్లాన్ పాదాలకు నీలం పట్టింది. గుడ్డ మీద కంటే గాజు మీద ఈ పాదాలు త్వరగా అరుగుతాయని తెలిసే కొన్నాను, మార్చుకోవడానికి సిద్ధపడే ఉన్నాను. సిరా రాలి వాటికి అంటుకోవడం మాత్రం అరుగుదల కిందకు రాదు. మీరు డబ్బాలో పెట్టిన కాగితంలో రాసినట్టే మెత్తటి గుడ్డతో, నీళ్లతో మాత్రమే తుడిచాను. తుడిచిన గుడ్డకూ నీలం అంటింది.

ముద్రణతో సంబంధం లేని లోపం ఒకటుంది. కుడివైపు కింది మూల సరిగా అరగదీయకుండా వదిలేశారు, మణికట్టు ఆనిస్తే గీరుకుంటోంది. టెంపరింగ్ అయ్యాక గాజును కోయడం గానీ అంచు అరగదీయడం గానీ కుదరదు కాబట్టి, నేను ఇంటి దగ్గర సరిచేసుకోగలిగినది కాదు.

ఇక మీ సహాయ విభాగం వారి జవాబుల గురించి. మొదట నా మౌస్ గాజుకు సరిపోదన్నారు. పారదర్శక గాజు మీద సైతం పనిచేసే మౌస్‌లను లాజిటెక్ 2009లోనే తెచ్చింది, నిజమే. అయితే అటువంటి ప్రత్యేక మౌస్ కావాలని మీ ప్రకటనలో ఎక్కడా లేదు, పైగా నా మౌస్ పేరు మీరే ఇచ్చిన సరిపోయే మౌస్‌ల పట్టికలో ఉంది. ఆ పట్టిక చూపించాక, విశాఖపట్నం సముద్రతీరం కాబట్టి గాలిలోని తేమ వల్ల అలా అవుతుందని రాశారు. తేమ పట్టదని చెప్పి అమ్మిన వస్తువు చెడిపోతే తేమ మీద నెట్టడం ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుగా ఉంది. ఆఖరికి, సొంత ఫోటోతో చేయించుకున్న వస్తువులను వాపసు తీసుకోవడం తమ విధానం కాదని తేల్చి, నేను పెట్టిన ఫిర్యాదును పరిష్కారమైనట్టుగా మూసివేశారు.

ఆ విధానాన్ని నేను అర్థం చేసుకోగలను. నా ఫోటో ఉన్న ప్యాడ్‌ను మీరు ఇంకొకరికి అమ్ముకోలేరు, కాబట్టి కొన్నవారు మనసు మార్చుకుంటే ఆ నష్టం మీరు భరించాలనడం న్యాయం కాదు. నేను మనసు మార్చుకుని అడగడం లేదు. ఫోటో నాది, గాజు, సిరా, ముద్రించిన పద్ధతి మీవి. లోపం నేనిచ్చిన దానిలో లేదు, మీరు చేసిన దానిలో ఉంది. ఇదే పద్ధతిలో మీ సొంత డిజైను ముద్రించి ఉన్నా గీత అలాగే గెంతేది, సిరా అలాగే లేచేది.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద 2020లో వచ్చిన ఈ-కామర్స్ నియమాల ప్రకారం, లోపమున్న సరుకును గానీ, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని సరుకును గానీ వెనక్కి తీసుకోవడానికి, సొమ్ము తిరిగి ఇవ్వడానికి అమ్మకందారు నిరాకరించకూడదు. సొంత ఫోటో ముద్రించిన సరుకుకు మినహాయింపు ఇచ్చే మాట ఆ నియమంలో లేదు. ఫిర్యాదు అందిన 48 గంటల్లోపు అందినట్టు తెలియజేయడం, నెలలోపు పరిష్కరించడం మీ బాధ్యత అని కూడా అవే నియమాలు చెబుతున్నాయి. ఆ గడువు దాటితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేసి, ఆపైన విశాఖపట్నం జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను. కొనుగోలుదారు నివసించే చోటే ఫిర్యాదు దాఖలు చేసుకునే వీలును ఈ చట్టం కల్పించింది. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల రూపాయలకు మించనప్పుడు దానికి రుసుము కూడా లేదు. ఇంత చిన్న విషయం అంతదూరం వెళ్లకుండా మీ దగ్గరే తేలిపోవాలన్నదే నా కోరిక.

నేను కోరేది ఇది. ఇదే ఫోటోను ప్రకటనలో చెప్పిన విధంగా గాజు అడుగుభాగాన ముద్రించి, అంచులన్నీ నునుపు చేసిన కొత్త ప్యాడ్‌ను అదనపు ఖర్చు లేకుండా పంపండి. అడుగున ముద్రించే సౌకర్యం మీ దగ్గర లేకపోతే, ముద్రణ రుసుముతో సహా 4,900 రూపాయలూ నేను చెల్లించిన ఖాతాకే జమ చేయండి. కూపన్లు, మీ సైటులో మాత్రమే వాడుకోగల నిల్వలు నాకు వద్దు. ఆ సౌకర్యం లేని పక్షంలో, పొరల బొమ్మను మీ ప్రకటన నుంచి తొలగించడం కూడా అవసరమే, ఎందుకంటే నాలాగే దాన్ని నమ్మి ఇంకొకరు కొంటారు.

ప్యాడ్‌ను మీరు పరీక్షించుకోవాలంటే ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు. దాన్ని మళ్లీ తుడవకుండా, సిరా లేచిన చోట ఏమీ పూయకుండా, ఉన్నది ఉన్నట్టుగా వచ్చిన డబ్బాలోనే భద్రపరిచాను. గాజు వస్తువు కాబట్టి కొరియర్‌ను మీరే ఏర్పాటు చేయాలి, దారిలో పగిలితే బాధ్యత నాది కాదని ముందుగా రాసి ఇవ్వాలి. సాయంత్రం ఆరు దాటాక ఏ రోజు మనిషిని పంపినా ఇంటి దగ్గర ఉంటాను.

భవదీయుడు,
మీ కొనుగోలుదారు,
మధురవాడ, విశాఖపట్నం