తొమ్మిది సార్లు ఫోను చేశాను, ఒక్క జవాబు ఇవ్వండి

తేదీ: డిసెంబరు 29

సంస్థ నిర్వాహకులకు,

విషయం: అనుపు యాత్రలో మా పిల్లలకు జరిగిన నష్టం, ఆ తర్వాత మీ కార్యాలయం చూపిన నిర్లక్ష్యం

అయ్యా,

నేను పల్నాడు జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధిస్తున్నాను. నవంబరు 22, శనివారం నాడు మా ఎనిమిదో తరగతి పిల్లలు 42 మందిని బడి పిల్లల యాత్రలు నడిపే మీ సంస్థ ద్వారా, నాగార్జునసాగర్ దగ్గర పాత కట్టడాలున్న అనుపుకు తీసుకువెళ్లాను. ఆ రోజు పురావస్తు తవ్వకం ఎలా చేస్తారో పిల్లల చేత నమూనాగా చేయిస్తామని మీరు రాసి ఇచ్చారు. కానీ తవ్వకం నేర్పే శిక్షకుడు రాలేదు. మట్టి పెట్టెలు, తాపీలు, బ్రష్షులు కూడా రాలేదు. బస్సు వచ్చింది, డ్రైవరు వచ్చారు, పులిహోర పొట్లాలు వచ్చాయి.

సంగతి అంతవరకే అయితే ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు. శిక్షకుడికి జ్వరం వచ్చి ఉండవచ్చు, ఎవరికైనా వస్తుంది. నాకు కోపం తెప్పించింది ఆ తర్వాతి ఐదు వారాలు.

నవంబరు 24న మధ్యాహ్న భోజన విరామంలో మొదటిసారి ఫోను చేశాను. ఒక అమ్మాయి మర్యాదగా విని, ఫిర్యాదు నంబరు ఇచ్చి, 24 గంటల్లో మా వాళ్లు మాట్లాడతారని చెప్పింది. ఎవరూ మాట్లాడలేదు. 27న మళ్లీ చేశాను. ఈసారి ఎత్తినవారు మొదటి నుంచీ అంతా చెప్పించుకుని, "మీ ఫిర్యాదు పరిష్కారమైనట్టు చూపిస్తోంది మేడం" అన్నారు. ఎవరు పరిష్కరించారు, ఏమని పరిష్కరించారు అని అడిగితే అది తనకు తెలియదని, కొత్త ఫిర్యాదు నమోదు చేస్తానని ఇంకో నంబరు ఇచ్చారు. మూడోసారి చేస్తే, తమది బుకింగులు చూసే విభాగమనీ యాత్రల విభాగాన్ని అడగాలనీ చెప్పారు. ఆ విభాగం ఫోను రెండు రోజుల పాటు మోగింది, ఎవరూ ఎత్తలేదు. ఒకసారి 19 నిమిషాలు లైనులో ఉంచారు. గంట కొట్టారు, తరగతికి వెళ్లాలి కాబట్టి నేనే పెట్టేశాను. ఇంకోసారి మేనేజరు మీటింగులో ఉన్నారన్నారు. మరోసారి మెయిల్ చేయమన్నారు, ఫొటోలతో సహా చేశాను. "మమ్మల్ని సంప్రదించినందుకు ధన్యవాదాలు" అని యంత్రం పంపే జవాబు వచ్చింది. రెండు రోజులకు, యాత్ర ఎలా జరిగిందో 5 నక్షత్రాలకు ఎన్ని ఇస్తారని సందేశం వచ్చింది.

డిసెంబరు 18న తొమ్మిదోసారి చేసినప్పుడు మీ ఉద్యోగి ఒకరు అన్న మాట ఇది: "పిల్లలు క్షేమంగా వెళ్లి వచ్చారు కదా మేడం, ఇంక సమస్య ఏమిటి?"

సమస్య ఏమిటో చెబుతాను. యాత్రకు ముందు మూడు వారాలు మా పిల్లలు నోటు పుస్తకాల్లో పట్టికలు గీసుకున్నారు. మట్టి పొర రంగు, లోతు, దొరికిన వస్తువు అని మూడు గళ్లు. ఏ పొరలో ఎంత లోతున ఉందో రాసుకోకుండా పైకి తీస్తే కుండ పెంకు వట్టి పెంకుగానే మిగులుతుందనీ, దాని కాలం చెప్పే ఆధారం పోతుందనీ వాళ్లకు నేర్పాను. ఆ పట్టికలు నేటికీ ఖాళీగా ఉన్నాయి. పదమూడేళ్ల పిల్లలకు నేర్పే ఈ మొదటి పాఠాన్ని మీ కార్యాలయమే పాటించడం లేదు. ఎవరు ఫోను చేశారు, ఏమి చెప్పారు అన్నది తర్వాత కూర్చునేవారికి అందేలా అక్కడ ఎవరూ రాసి పెట్టరు. ప్రతిసారీ నేను అడుగు నుంచి తవ్వుకుంటూ రావాలి.

ఆ రోజు నాకు చేతనైనంత చేశాను. అనుపులోని యాంఫీథియేటర్, అంటే చుట్టూ మెట్లున్న పాత ప్రదర్శనశాల, మధ్యలో నిలబడి మామూలు గొంతుతో మాట్లాడాను. పిల్లలు ఒక్కో మెట్టే ఎక్కుతూ మాట ఎక్కడిదాకా స్పష్టంగా వినిపిస్తోందో రాసుకున్నారు. నాగార్జునసాగర్ నీళ్లలో నాగార్జునకొండ లోయ మునిగిపోకముందు, 1954 నుంచి 1960 వరకు తవ్వకాలు జరిపి, కొన్ని కట్టడాలను అనుపులోనూ కొండ మీదా తిరిగి నిలబెట్టారని చెప్పాను. అసలు ఆ లోయలోని ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి సంగతి లోకానికి తెలియడానికి కారణం ఒక బడిపంతులే. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే ఉపాధ్యాయుడు అక్కడొక పాత స్తంభాన్ని చూసి మద్రాసు ప్రభుత్వానికి తెలియజేశారు. ఆయన మాట విని మనిషిని పంపి చూశారు. వందేళ్ల తర్వాత, డబ్బు కట్టి మరీ తొమ్మిది సార్లు ఫోను చేసిన ఉపాధ్యాయురాలి మాట వినే మనిషి మీ దగ్గర లేకపోయారు.

మీతో వచ్చింది ఇది మొదటిసారి కాదు. నాలుగేళ్లుగా ఉండవల్లికి, అమరావతికి, బెలూం గుహలకు మీతోనే వచ్చాం. బెలూంలో మీ శిక్షకుడు గుహ బయట దొరికిన సున్నపురాయి మీద ఆమ్లపు చుక్క వేసి నురగ చూపించి, నీళ్లు కొండను ఎలా కరిగించాయో వివరించిన తీరు నేను ఇప్పటికీ తరగతిలో చెబుతుంటాను. ఆ నమ్మకంతోనే ఈసారి తల్లిదండ్రులను ఒప్పించాను. తలకు 850 రూపాయలు. అందులో చాలావరకు పత్తి తీతకు వెళ్లిన కూలి డబ్బు. ఇప్పుడు వాళ్లు నన్ను అడుగుతున్నారు, మిమ్మల్ని కాదు.

తవ్వకానికి తీసుకున్న సొమ్ము వెనక్కి ఇవ్వాలి, అది ఎటూ తప్పదు. అంతకంటే ముఖ్యంగా, మీ శిక్షకుడు మట్టి పెట్టెలతో ఒక శనివారం మా బడికి రావాలి. ఆయనతో పాటు మీలో బాధ్యత గల ఒకరు వచ్చి, ఆ రోజు ఎందుకు రాలేదో పిల్లలకు చెప్పాలి. జనవరి 10 లోగా జవాబు రాకపోతే వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోను చేస్తాను, అక్కడితో ఆగకుండా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. మా మండలంలోని ప్రధానోపాధ్యాయులందరికీ ఈ ఉత్తరం ప్రతి అందుతుంది.

నా నంబరు మీ దగ్గర తొమ్మిది సార్లు నమోదై ఉంటుంది. బడి సాయంత్రం 4 గంటలకు వదిలిపెడతాం. ఆ తర్వాత ఎప్పుడైనా చేయవచ్చు.

ఇట్లు,
సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయురాలు,
8వ తరగతి పిల్లలు 42 మంది తరఫున