సమీకరణాలను విడగొట్టడమూ నేర్పాలి

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థుల ఫైనలియర్ ప్రాజెక్టుల్లో రోబో చేతులు తరచూ కనిపిస్తుంటాయి. మోటార్లు, బోర్డులు కోఠి గుజరాతీ గల్లీలోనే దొరుకుతాయి. చిక్కంతా లెక్క దగ్గర. సమీకరణాలు రాయడం, న్యూటన్-రాఫ్సన్‌కు (అంకెలతో దగ్గరి జవాబు వెతికే పద్ధతికి) అప్పగించడం, వచ్చిన అంకెను మోటారుకు పంపడం: పిల్లలకు అలవాటైన దారి ఇదే. బహుపది సమీకరణాలను ముందు శాఖలుగా (అంటే విడివిడి సందర్భాలుగా) విడగొట్టి, ఏ శాఖ ఎప్పుడు వర్తిస్తుందో తేల్చుకున్నాకే అంకెలు వేయాలన్న పాఠం సిలబస్‌లోకి రావాలి.

రెండు కడ్డీల చేతినే తీసుకుందాం. ఒక్కో కడ్డీ పొడవు 1. భుజం మూలబిందువు దగ్గర, మోచేయి (ఎక్స్, వై) దగ్గర ఉంది. వేలికొన చేరాల్సిన చోటు (ఎ, బి). సమీకరణాలు రెండే: ఎక్స్² + వై² = 1, (ఎక్స్ − ఎ)² + (వై − బి)² = 1. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే 2ఎ·ఎక్స్ + 2బి·వై = ఎ² + బి² మిగులుతుంది. కుడివైపు మొత్తాన్ని ఆర్ అందాం. ఇక్కడ పిల్లలు అలవాటుగా 2బితో భాగించి వై తీసేస్తారు. దాన్ని మొదటి సమీకరణంలో పెడితే 4ఆర్·ఎక్స్² − 4ఎ·ఆర్·ఎక్స్ + ఆర్² − 4బి² = 0. దీని విచక్షణి (మూలాలు ఎన్నో చెప్పే రాశి) 16·ఆర్·బి²·(4 − ఆర్). ఆర్ విలువ 4 కన్నా తక్కువైతే మోచేయికి రెండు స్థానాలు. సరిగ్గా 4 అయితే చేయి పూర్తిగా చాచుకుని ఒక్కటే స్థానం. 4 దాటితే ఆ చోటు అందదు.

ఇదంతా బి సున్నా కానప్పటి మాట. బి సున్నా అయి ఎ కాకపోతే ఎక్స్ = ఎ/2, వై² = 1 − ఎ²/4. రెండూ సున్నా అయితే వేలికొన భుజం మీదికే మడుచుకుంటుంది, మోచేయి వృత్తం మీద ఎక్కడైనా ఉండొచ్చు, సాధనలు అనంతం. ప్రోగ్రాంలో మొదటి శాఖ ఒక్కటే రాసి ఉంటే, లక్ష్యం అడ్డ అక్షం మీదికి రాగానే సున్నాతో భాగహారం. అక్షానికి మరీ దగ్గరికొస్తే దోషం పెరిగి చేయి ఉలిక్కిపడుతుంది. తీగలు మారుస్తారు, మోటార్లు మారుస్తారు. తప్పు మాత్రం ఆ భాగహారంలో ఉంటుంది.

ఈ విడగొట్టే పనికి పద్ధతులు ఎప్పుడో వచ్చాయి. బుక్‌బెర్గర్ 1965లో గ్రోబ్నర్ బేసిస్ (అవే సాధనలున్న, విడదీయడానికి తేలికైన సమీకరణాల జాబితా) లెక్కగట్టే విధానం ఇచ్చారు. ఒక్కో సమీకరణంలో ఒక్కో కొత్త చలరాశి వచ్చేలా మెట్లుగా అమర్చాలన్న రిట్ ఆలోచనను 1970లలో వూ వెన్-చున్ జ్యామితి రుజువులకు వాడారు. 1991లో కాల్క్‌బ్రెనర్, లాజార్డ్ అలాంటి మెట్ల వ్యవస్థలుగా విడగొట్టే త్రిభుజాకార విభజనకు చెరో రూపం ఇచ్చారు. కాల్క్‌బ్రెనర్ రకం సాధారణ సందర్భాలనే చూపుతుంది, లాజార్డ్ రకం అన్నిటినీ చూపుతుంది; ఈ తేడా దగ్గరే అనుభవజ్ఞులు కూడా బోల్తా పడతారు. ఎక్స్, వై, ఎ, బి నాలుగింటినీ చలరాశులుగా తీసుకుంటే మన వ్యవస్థ మొత్తం అఖండమైన ఒకే ముక్క. అందుకే ప్రైమ్ విభజన (ఇక విడగొట్టలేని ముక్కలుగా చీల్చడం) అడిగితే ఒక్కటే జవాబొస్తుంది, మడుచుకున్న చేయి విడిగా కనబడదు. మేపుల్ అనే గణిత సాఫ్ట్‌వేర్‌లో ట్రయాంగ్యులరైజ్ ఆదేశం మామూలుగా ఇచ్చేది కాల్క్‌బ్రెనర్ రకం; అన్ని సందర్భాలూ విడివిడిగా కావాలంటే లాజార్డ్ రకాన్ని ప్రత్యేకంగా అడగాలి. ఉచితంగా దొరికే సింగ్యులర్ సాఫ్ట్‌వేర్‌లో ఎ, బిలను పరామితులుగా (విలువ తర్వాత ఇచ్చే రాశులుగా) ప్రకటించి మామూలు గ్రోబ్నర్ బేసిస్ అడిగితే, వాటితో వచ్చే ప్రతి బహుపదినీ సున్నా కానిదిగా భావించి అది నిశ్శబ్దంగా భాగించేస్తుంది. అక్కడ గ్రోబ్‌కోవ్ లైబ్రరీ వాడాలి. ఏ షరతు కింద ఏ బేసిస్ వర్తిస్తుందో అది విడదీసి ఇస్తుంది.

ల్యాబ్‌లో చెప్పాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. దశాంశాలు ఇవ్వకూడదు, 0.3 అని కాక 3/10 అని రాయాలి, లేకపోతే ఫలానా గుణకం సున్నానా కాదా అన్నది ఖచ్చితంగా తేలదు. చలరాశుల వరసలో ముందు తొలగించాల్సినవి ముందుండాలి, పరామితులు చివరికి పోవాలి. సూడో-భాగహారంలో (భిన్నాలు రాకుండా చేసే బహుపదుల భాగహారంలో) ప్రధాన గుణకంతో, అంటే అత్యధిక ఘాతపు గుణకంతో, గుణిస్తాం కాబట్టి అసలు వ్యవస్థలో లేని సాధనలు చొరబడొచ్చు. ఆ గుణకం సున్నా కాదన్న షరతును శాఖ పక్కనే రాసి, వచ్చిన సాధనను మూల సమీకరణాల్లో పెట్టి చూసుకోవాలి. లెక్క ఎంతసేపు పడుతుందో అంచనాకు ముందు 32003 అనే ప్రధాన సంఖ్య మాడ్యులోలో (దానితో భాగిస్తే వచ్చే శేషాలతో) నడపడం మంచిదే. శాఖల సంఖ్యను మాత్రం దాన్ని బట్టి తేల్చకూడదు: ఎక్స్² + 1 అకరణీయ సంఖ్యల మీద విడిపోదు, 5 మాడ్యులోలో విడిపోతుంది. చలరాశులు పెరిగేకొద్దీ గ్రోబ్నర్ బేసిస్‌లోని ఘాతాలు డబుల్ ఎక్స్‌పొనెన్షియల్‌గా (ఘాతం మీద ఘాతంగా) పెరగవచ్చని ఎర్నెస్ట్ మైర్, ఆల్బర్ట్ మేయర్ 1982లోనే చూపారు. ఆరు కీళ్ల చేతిని మొదటిరోజే ఇవ్వకుండా రెండు కీళ్లతో మొదలుపెట్టమనడం అందుకే.

నగరంలోని యూనివర్సిటీల్లో సిలబస్ నిర్ణయించే బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులకు మా మనవి ఇది: న్యూమరికల్ మెథడ్స్ ల్యాబ్‌లో రెండు గంటల ప్రయోగం ఒకటి దీనికి కేటాయించండి. రోబో చేతి ప్రాజెక్టు వైవాలో కదిలే చేతితో పాటు షరతులతో రాసిన శాఖల పట్టికనూ అడగండి, దానికీ మార్కులు వేయండి.

— కంప్యూటర్ ఆల్జీబ్రా బోధకులు, తార్నాక, హైదరాబాద్