బీడీల సినిమాకు రైతు వేదిక తాళం తీయండి

ఎడిటర్ గారికి,

మా కోరుట్ల దగ్గరి ఊళ్లో ఒక పిల్లగాడు సినిమాలు తీస్తున్నాడు, హైదరాబాద్ పోయి ఛాన్సుల కోసం తిరిగే రకం కాదు. వాళ్లమ్మతో కలిసి బీడీలు చుట్టే ఆడవాళ్ల మీదే షార్ట్ ఫిల్మ్ తీసి పంచాయతీ ఆఫీసు గోడకు తెల్ల దుప్పటి కట్టి చూపించాడు. చాట ఒళ్లో పెట్టుకుని తునికాకు కత్తిరించి, పొగాకు పోసి, చుట్టి, మూతి మడిచి దారం కట్టేదాకా ఒక్క బీడీని ఎక్కడా కట్ చేయకుండా చూపిస్తే, రోజూ అదే పని చేసే పెద్దమ్మలే గుడ్లప్పగించి చూశారు. మ్యూజిక్ కొంచెం ఎక్కువైంది, అది వేరే సంగతి.

నాకు నచ్చింది ఆ తర్వాతి పని. బీడీ కార్మికుల ఆసరా పింఛన్‌ను 2019లో 2,016 రూపాయలకు పెంచారు సరే, పీఎఫ్ నంబర్ లేనివాళ్లకు అది అందదు, నడుములు పడిపోయేదాకా చుట్టినా రికార్డుల్లో పేరే లేనివాళ్లు మా దగ్గర ఇంటికొకరు. సినిమా అయిపోగానే దోస్తులతో కలిసి అక్కడే చాప పరిచి, ఎవరికి ఏ కాగితం తక్కువుందో చూసి రాసిచ్చాడు.

పక్కనే రైతుల మీటింగుల కోసం సర్కారు కట్టిన రైతు వేదిక ఉంది, ఎప్పుడు చూసినా తాళమే. సాయంత్రాలు ఇలాంటి వాటికి ఇవ్వడానికి అధికారులకు అడ్డేమిటి? వానొస్తే దుప్పటి తడిసి సినిమా ఆగిపోతుంది.

– ఒక పాఠకుడు, కోరుట్ల, జగిత్యాల జిల్లా