అమ్మలుకి, భీమవరం నుంచి

చి.సౌ. అమ్మలుకి, నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం కులాసా. ముసురు పట్టి నాలుగు రోజులైంది, పెట్టిన వడియాలు ఎండక అమ్మ విసుక్కుంటోంది. కందిపొడి, చింతకాయ పచ్చడి బస్సు పార్సిల్లో వేశాను. సీసాకి కవరు రెండు చుట్లు చుట్టాను, అయినా నిలబెట్టే పట్టుకెళ్లు.

నువ్వు షేర్లు కొంటున్నావని చిన్నత్త చెప్పింది. కొనుక్కో, తప్పేముంది. పండు ఓణీల ఫంక్షన్లో నీ చేతులు బోసిగా ఉన్నాయని కూడా అంది. మామ్మ గాజులు లాకర్లో పెట్టి ఉంటావులే. ఫోన్లో అడుగుదును గానీ, మనింట్లో ఫోనంటే స్పీకరే కదా.

ఏ కంపెనీ? ఒకటేనా? అది దేంతో సంపాదిస్తుందో నాకు అర్థమయ్యేలా చెప్పగలవా? లాభం కాగితం మీదేనా, డబ్బు నిజంగా చేతికొస్తోందా? ప్రమోటర్లు, అంటే కంపెనీని చేతిలో పెట్టుకున్న యజమానులు, తమ షేర్లు ఎంత తాకట్టు పెట్టారో మూడు నెలలకోసారి స్టాక్ ఎక్స్ఛేంజికి చెప్పాలి, అది చూశావా? తాకట్టన్నది కంపెనీవాళ్ల గురించే అంటున్నాను.

నా సంగతి నీకు సగమే తెలుసు. 1993లో ఇన్ఫోసిస్ ఇష్యూ వచ్చింది, అంటే మొదటిసారి జనానికి షేర్లు అమ్మింది, షేరు 95 రూపాయలు. జనం ఎగబడలేదు, అడిగిన వందా నాకు అలాటయ్యాయి. జూన్‌లో మార్కెట్లో 145కి లిస్టయింది. వచ్చిన లాభం జారిపోతుందేమోనని అమ్మేసి, ఆ డబ్బు ఒక రొయ్యల కంపెనీలో పెట్టాను. అప్పుడు మనవైపు వరి చేలన్నీ చెరువులవుతున్నాయి. సూరిబాబు మావయ్య స్కూటరెక్కించుకుని తీసుకెళ్లి, కనుచూపు మేర నీళ్లు చూపించి, ఇదంతా వాళ్లదే బావా అన్నాడు. నీళ్లు చూసి కొన్నాను, బ్యాలెన్స్ షీటు చూడలేదు. ఆ తర్వాతే తెల్లమచ్చల వైరస్ వచ్చింది. గట్ల మీద నిలబడలేనంత కంపు. 12కి కొన్నది 8 అయింది. చవగ్గా వస్తోందని ఇంకో రెండొందలు కొన్నాను. 5 అయింది. నా 12 నాకొస్తే అమ్మేస్తానన్నాను. 1996 డిసెంబరులో తీరంలోని రొయ్యల చెరువులకు వ్యతిరేకంగా సుప్రీంకోర్టు తీర్పు వచ్చినా అదే మాట. నేనెంతకి కొన్నానో నాకూ మీ అమ్మకీ తప్ప ఎవరికీ పట్టదని అప్పుడు తట్టలేదు. చివరికి కంపెనీకి రాసిన ఉత్తరం కవరుతో సహా తిరిగొచ్చింది. సర్టిఫికెట్లు ఇప్పటికీ ఇనప్పెట్టెలో మామ్మ పట్టుచీర కింద ఉన్నాయి.

ఆ వంద ఇన్ఫోసిస్ షేర్లు ఉంచుకుని ఉంటే, ఉచితంగా వచ్చిన బోనసు షేర్లూ, ఒకటిని రెండు చేసిన స్ప్లిట్లూ కలిసి ఈపాటికి లక్ష దాటేవి. రూపాయలు కాదు, షేర్లు. అమ్మకి ఈ లెక్క చెప్పకు.

పెరిగినదాన్ని అమ్మి పడినదాన్ని పట్టుకు కూర్చున్నాను. అలాగని పడిందల్లా చెడ్డదీ కాదు. ఎందుకు కొన్నావో కొన్నరోజే డైరీలో రాసుకో. ఆ కారణం ఇంకా ఉంటే ఉంచు, పోతే నష్టానికైనా అమ్ము. ఇప్పుడేం, సోమవారం అమ్మితే మంగళవారానికి డబ్బు. అప్పుడు షేర్లు కాగితాలే, నాకు సంతకం కలవలేదని ట్రాన్స్‌ఫర్ ఫారాలు రెండుసార్లు వెనక్కొచ్చాయి. టెలిగ్రామ్‌లో చెప్పేవాళ్ల మాట పట్టుకోకు. ఆప్షన్ల జోలికి, అంటే ధర ఎటు పోతుందోనని కట్టే పందేల జోలికి, అసలు పోకు, షేర్ మార్కెట్ మీద అజమాయిషీ చేసే సెబీయే 2024లో లెక్క తీసింది, మూడేళ్లలో ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్లు, ఆప్షన్లు) ఆడిన మామూలు జనంలో నూటికి 93 మంది పోగొట్టుకున్నవాళ్లేనట. ఇదుగో, మళ్లీ పాఠం మొదలెట్టాను. బడి వదిలినా నన్ను బడి వదల్లేదని అమ్మ అనేది ఇందుకే.

సొంత డబ్బయితే షేరు మూడేళ్లు కదలకపోయినా కూర్చోవచ్చు. తాకట్టు వడ్డీ అలా కూర్చోనివ్వదమ్మా.

అల్లుడుగారికి తెలుసా? తెలియకపోయినా నేనేమీ అనను. రశీదు ఉంటే ఫొటో తీసి నాకొక్కడికే పంపు, గడువెప్పుడో చూస్తాను. పోస్టాఫీసు డిపాజిట్ ఒకటి మాఘమాసంలో చేతికొస్తుంది. లాకర్లోనే ఉంటే మాత్రం గాజుల ఫొటో పంపు, చిన్నత్తకి చూపించాలి.

పచ్చడిలో తడి గరిటె పెట్టకు.

మీ నాన్న